తుంగభద్ర పద్దు మూడు అసెంబ్లీల ముందుకూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. డ్యామ్ నిండుగా ఉంది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద భూములున్న మాకు ఆ వారమంతా నిద్ర లేదు. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం పారే నీళ్ళలోనే గేటు చోట అడ్డం పెట్టే ఇనుప పలకలు, అంటే స్టాప్‌లాగ్‌లు దించింది కాబట్టి బతికాం. కానీ మా ఊరి టీకొట్టు దగ్గర ఒకటే ప్రశ్న: ఆ గేట్ల మరమ్మతులకు ఏటా ఎంత పెడుతున్నారు? ఒక ఆఫీసులో అడిగితే ‘అది బోర్డు చూసుకుంటుంది’ అన్నారు. ఇంకోచోట ‘మన వాటా మనం కట్టేస్తున్నాం’ అన్నారు.

చిక్కంతా ఈ రెండు జవాబుల మధ్యే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటే పుట్టిన తుంగభద్ర బోర్డుకు ఛైర్మన్‌ను కేంద్రం పెడుతుంది. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల నుంచి సభ్యులు వస్తారు, ఖర్చు రాష్ట్రాలు పంచుకుంటాయి. మూడిళ్ళ ఉమ్మడి బావి లాంటిది. మోటారు కాలితే అందరూ డబ్బులు వేసుకుంటారు, వైరు ఎప్పుడు మార్చారో మాత్రం ఎవరూ చూడరు.

అసెంబ్లీలో పద్దుల (శాఖలవారీ ఖర్చుల) చర్చ తెలిసిందే. సగం పొద్దు తిట్లకే పోతుంది. టైము చాలకపోతే మిగిలినవన్నీ ‘గిలటిన్’ పేరుతో చర్చ లేకుండానే ఓటుకు పెట్టేస్తారు. అంత పెద్ద ఇరిగేషన్ పద్దులో మన డ్యామ్ వాటా ఏ మూలన ఉందో వెతికేదెవరు? ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు పీఏసీకి (అసెంబ్లీ ప్రజా పద్దుల కమిటీకి) వెళ్ళేది డబ్బు ఖర్చయ్యాకే.

పీఏసీ అంటే ఏమిటో మనవాళ్ళకు చెప్పే పని లేదు. డోన్ నుంచి బుగ్గన రాజేంద్రనాథ్, ఉరవకొండ నుంచి పయ్యావుల కేశవ్, ఇద్దరూ ప్రతిపక్షంలో ఉండగా పీఏసీ ఛైర్మన్లు, తర్వాత ఆర్థిక మంత్రులు. లెక్క అడిగే కుర్చీ, చెప్పే కుర్చీ రెండూ చూసినవాళ్ళు. 2024 నవంబరులో ఆ పదవి అధికార కూటమికే పోవడం, ఎన్నికను ప్రతిపక్షం బహిష్కరించడం రెండూ నాకు నచ్చలేదు.

నేను కోరేది చిన్నదే. బోర్డు బడ్జెట్ అంచనా, ఏ గేటుకు ఎప్పుడు మరమ్మతు చేశారు, ఏ రాష్ట్రం ఎంత వాటా ఎప్పుడు కట్టింది అన్న వివరాలు ఒక పత్రంగా ఏటా మూడు అసెంబ్లీల ముందూ పెట్టాలి. మూడు రాష్ట్రాల పీఏసీ సభ్యులు వేసవిలో నీళ్ళు అడుగంటినప్పుడు అది పట్టుకుని డ్యామ్ మీద ఒకసారి నడవాలి. (పూడికతో 133 టీఎంసీల డ్యామ్ 105కు దిగిన సంగతికి ఇంకో ఉత్తరం రాయాలి.) నీళ్ళ కోసం కొట్లాడేవాళ్ళు ఖర్చు దగ్గర ఎలా కలుస్తారని అడగొచ్చు. గేటు పోయిన వారం కలిశారు కదా.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మా జిల్లా ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా ‘ఆ పత్రం ఏదీ?’ అని అడిగితే, మర్నాటి పేపరు దాచుకుంటాను.

- ఒక హెచ్చెల్సీ ఆయకట్టు రైతు,
అనంతపురం జిల్లా