వెనక బ్రేకులు మార్పించే ముందు

అమ్మడూ,

ఫోన్‌లో చెప్పావే, కారు బ్రేకు వేస్తే వెనక నుంచి కీచుమంటోందని. కంగారు పడకు. చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కి ఆపేది బ్రేకు ప్యాడ్. అది అరిగిపోయేసరికి దానికున్న చిన్న రేకు డిస్కుకు తగిలి అలా అరుస్తుంది. అరవడానికే పెట్టారు దాన్ని. అలాగని నెలల తరబడి నడిపితే డిస్కు కూడా పోతుంది. బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో రోజూ ఈదే వాళ్లకు ఇది తప్పదులే.

మీ వీధి చివరి మెకానిక్‌తోనే చేయించుకో, ప్యాడ్లు జేసీ రోడ్డులో దొరుకుతాయి. కానీ అతను చక్రం విప్పకముందే నీ వచ్చీరాని కన్నడలో ఒక్క మాట అడుగు: "అణ్ణా, స్కానర్ ఇదెయా?" అంటే కారులోని కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ ఉందా అని.

నీ కారుకు హ్యాండ్ బ్రేక్ లివర్ లేదు, బటనే కదా. అది నొక్కితే వెనక కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) మీదున్న చిన్న మోటారు ఒక మరను తిప్పి, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను లోపలి నుంచి తోస్తుంది. కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్ వెనక్కి వెళ్లాలి. ముందు ఆ మర వెనక్కి రావాలి. పాత అలవాటుకొద్దీ పిస్టన్‌ను నొక్కడానికి సీ క్లాంప్ (మర తిప్పి బిగించే పట్టు) వేసి బిగించాడో, లోపలి మర అడ్డుపడుతుంది. ఇంకా బలం పెడితే లోపలి పళ్లు, మోటారు పాడై, ప్యాడ్లతో పోయేది కాలిపర్ దాకా వస్తుంది. అందుకే మర వెనక్కి వచ్చేలా స్కానర్‌తో బ్రేకును సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. మోటారు గుయ్యిమని తిరిగి ఆగుతుంది, పక్కనే ఉంటే నీకూ వినిపిస్తుంది. కొన్ని కార్లలో బటన్, పెడల్‌తోనే ఆ మోడ్‌లోకి వెళ్లొచ్చు. నీ కారు సంగతి మాన్యువల్‌లో చూడు, విప్పని కవరులో ఎక్కడో మూలుగుతూ ఉంటుంది.

ఆ మోడ్‌లో హ్యాండ్ బ్రేక్ పట్టదు, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించు. కాలిపర్ విప్పి ఉండగా ఎవరూ బటన్ ముట్టుకోకూడదు. విప్పిన కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే ఊరుకోకు, తీగతో కట్టమను. అరిగింది ఒక వైపే అయినా రెండు వైపులా మార్పించు, ఆ వైపు కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకున్నాయేమో కూడా చూడమను.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. లేకపోతే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ పట్టకుండానే కిందికి దిగిపోతుంది, గేటు దగ్గరే గుద్దేస్తావు. తర్వాత సర్వీస్ మోడ్ తీయించి, బటన్ రెండు మూడు సార్లు వేసి తీసి చూడు. డ్యాష్‌బోర్డులో ఏ లైటూ మిగలకూడదు.

శనివారం పొద్దున పెట్టుకో, తాళాలిచ్చి ఆఫీసుకు వెళ్లిపోకు. డబ్బులిచ్చే ముందు బిల్లు ఫోటో నాకు పంపు.

నాన్న