అమ్మగారి భూస్థాపన ఆరాధన – సంఘ సభ్యులకు మనవి

సంఘ సభ్యులందరికీ వందనములు. మన సంఘ దివంగత పాస్టరు అయ్యగారి సతీమణి, మనమందరం అమ్మగారని పిలుచుకున్న పెద్దావిడ, నిన్న రాత్రి హనుమకొండలో చిన్న కుమారుని ఇంట తమ 91వ ఏట ప్రభువునందు నిద్రించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడిన నాటికి తాను డోర్నకల్‌లో బడిపిల్లనని చెప్పుకొనేవారు. అయ్యగారు సైకిలు మీద పల్లెల్లో ఆరాధనలకు వెళ్తే, తిరిగి వచ్చేదాకా లాంతరు ఆర్పకుండా నలుగురు పిల్లల చేత బైబిలు చదివించిన ఆమె, ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ముందుగా ఒక పిడికెడు తీసి, మూత సొట్టపోయిన రేకు డబ్బాలో దేవుని కోసం వేసేవారు. బిషప్ అజరయ్య గారి కాలంలో డోర్నకల్ డయోసిస్ స్త్రీలు పాటించిన అలవాటే అది. ఇంట్లో బియ్యం నిండుకొని జొన్న గట్కతో సరిపెట్టుకున్న రోజుల్లోనూ ఆ డబ్బా జోలికి పోలేదని పెద్ద కుమార్తె చెప్పారు. కోపమూ తక్కువ కాదు. ఆరాధనకు ఆలస్యమైన వారిని, నాతో సహా, గుమ్మంలోనే నిలదీసేవారు.

భూస్థాపన ఆరాధన రేపు ఉదయం 10 గంటలకు మన చర్చిలో జరుగుతుంది. పూలదండలు తేవద్దని, గుమ్మం దగ్గర ఉంచే ఆ డబ్బాలోనే పిడికెడు బియ్యం వేయవలసిందని కుటుంబ సభ్యులు కోరుతున్నారు.