తాగుడు మానతానన్న మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలి? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కామారెడ్డి జిల్లాలో ఒక గ్రామైక్య సంఘంలో పనిచేస్తున్నాను. మా మీటింగుల్లో లోన్ కిస్తీల తర్వాత ఎక్కువగా వచ్చే మాట తాగుడు గురించే. మద్యం బంద్ పెట్టమని అడగడానికి నేను ఈ లేఖ రాయడం లేదు, ఆ చర్చ వేరు. ఒక మనిషి తనంతట తానే "ఇక తాగను" అన్న రోజున అతన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను అడుగుతున్నది ఆ రోజు గురించి.

మనసు గట్టిగా ఉంటే చాలు, తాగుడు మానొచ్చని మనవాళ్లు అంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి ఆ మాట వర్తించదు. ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందిస్తే మాత్రం చాలామంది వారం పది రోజుల్లో తేరుకుంటారు. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. బెడ్, డ్యూటీ డాక్టర్, వణుకు, ఫిట్స్ తగ్గించే డయాజెపామ్ లేదా లోరాజెపామ్ మందు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఉంటే సగం పని అయినట్టే. తాగేవాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందు ఆ బి1 ఇవ్వాలన్న సంగతి ప్రతి క్యాజువాలిటీలో గోడ మీద రాసి ఉండాలని నా కోరిక. అది మరిచిపోతే మెదడుకే దెబ్బ.

మా చిన్న మరిది ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. మా తోటికోడలు ఎంత సంబరపడిందో చెప్పలేను. మాల వేసుకున్న రోజు నుంచే చుక్క ముట్టలేదు. మర్నాటికే చేతులు వణికాయి. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికి నల్ల లుంగీ మీద పడింది. తర్వాత గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. అది నిన్ననే సున్నం వేసిన గోడ. దాని మీద ఏమీ లేదు. నియమం తప్పాడు, అందుకే ఇలా అయిందని ఒకరన్నారు. గాలి సోకిందని ఇంకొకరు తాయెత్తు తెచ్చారు. రాత్రి ఫిట్స్ వచ్చాక 108 పిలిచాం. తీసుకెళ్లిన చోట డ్యూటీలో ఉన్నాయన ఫిట్స్ తగ్గించి, తాగుడు కేసులు ఇక్కడ పెట్టుకోం, హైదరాబాద్ తీసుకుపొండి అన్నాడు. వంద కిలోమీటర్లకు పైగా దూరం. చేతిలో పైసా లేని ఇంట్లో తెల్లారేసరికి కారు కిరాయి ఎక్కడిది? అప్పు చేసి తీసుకెళ్లాం. మనిషి దక్కాడు. మాల వేసుకునే కాలం వచ్చిందంటే ప్రతి ఊళ్లో ఇలా ఒక్కసారిగా మానేసేవాళ్లు ఉంటారు సార్. వాళ్లది మంచి సంకల్పం. అది వాళ్ల ప్రాణం మీదికి రాకూడదు.

మా వైపు సారా, విస్కీ కంటే కల్లు బాధ పెద్దది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారన్నది మీ శాఖకు, ఎక్సైజ్ శాఖకు తెలియనిది కాదు. 2015 సెప్టెంబర్‌లో దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి పాలమూరు, నిజామాబాద్ పల్లెల నుంచి పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు పరుగు తీశారు. 2020లో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే పరిస్థితి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్తీని పట్టుకోవాల్సిందే. కానీ ఒక మండలంలో కల్లు దుకాణం సీల్ చేసిన రోజే అక్కడి ఆరోగ్య కేంద్రానికి మందులు, జిల్లా ఆసుపత్రికి కబురు వెళ్లాలి. రోజూ మత్తుమందు కలిసిన కల్లు తాగే ముసలమ్మ దుకాణం మూసిన మర్నాడు ఎలా ఉంటుందో దాడికి వెళ్లే అధికారికి ఎవరైనా చెప్పారా?

లెక్కలు మీకు కొత్త కాదు, అయినా రెండు గుర్తు చేస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మద్యం తాగుతారు. దేశంలో మనకంటే ముందు అరుణాచల్ ఉంది. ఇక ఎయిమ్స్ 2019లో ఇచ్చిన జాతీయ నివేదికలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని ఉంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. మరోపక్క 2023లో 2,620 వైన్ షాపుల కోసం వచ్చిన దరఖాస్తుల ఫీజులే రూ.2,600 కోట్లు దాటాయి. అది తిరిగి ఇవ్వని డబ్బు. అందులో ఒక చిన్న వాటాను ఏటా చికిత్సకే అని రాసిపెట్టమని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కాలేజీ అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. అక్కడ ఒక పది బెడ్లు వ్యసన చికిత్సకే కేటాయించండి. రాత్రిపూట కూడా చేర్చుకునేలా రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఆరోగ్యశ్రీలో ఈ చికిత్సకు ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో కౌంటర్ దగ్గర తెలుగులో బోర్డు పెట్టించండి. ఒక్కో చోట ఒక్కో మాట చెప్తే చదువు రాని ఆడమనిషి ఎవరితో వాదిస్తుంది?

నంబర్ల సంగతి చెప్పాలి. మానసిక ఆరోగ్యానికి 14416, మత్తు వదిలించే సలహాకు 14446, డ్రగ్స్ సమాచారం ఇవ్వడానికి 1908. అన్నీ అవసరమే. కానీ ఒకటి కేంద్ర ఆరోగ్య శాఖది, ఇంకొకటి సామాజిక న్యాయ శాఖది, మూడోది పోలీసులది. స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలు ఒక శాఖ కింద, ఆసుపత్రిలోని చికిత్స విభాగాలు మరో శాఖ కింద ఉన్నాయి. అర్ధరాత్రి టెన్షన్‌లో ఉన్న తల్లికి ఈ శాఖలతో పనేంటి? ఏ నంబరుకు చేసినా "ఫలానా దవాఖానలో బెడ్ ఖాళీ ఉంది, ఫలానా డాక్టర్ ఉన్నారు" అని చెప్పగలగాలి. ఆ నంబరు ప్రతి వైన్స్ కౌంటర్ మీద, ప్రతి కల్లు దుకాణం గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

గంజాయికి అలవాటుపడ్డ పిల్లల తల్లులకు ఇంకో భయం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారేమోనని దాస్తారు. వాడకం లేదా తక్కువ మోతాదు కేసుల్లో, గుర్తింపు ఉన్న చోటికి స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన బానిసలకు విచారణ నుంచి రక్షణ ఇచ్చే నిబంధన మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది, 64ఎ సెక్షన్. ఈ మాట మీరు స్వయంగా టీవీలో చెప్తే ఎంతమంది పిల్లలు బయటికొస్తారో చూడండి.

దారి తెలియని చోట వ్యాపారం పుడుతుంది. బస్టాండ్ గోడల మీద "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అనే పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. ఆ పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందును చెప్పకుండా కూరలో కలిపి పెడితే, ఆ మీద అతను తాగితే, బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. అది డాక్టర్ చూస్తుండగా, అతనికి తెలిసి వాడాల్సిన మందు. ఇంకొకవైపు ఇంటికొచ్చి మనిషిని ఎత్తుకెళ్లి నెలలు ఉంచుకునే సెంటర్లు. మా సంఘంలో ఒకామె పుస్తెలతాడు కుదువపెట్టి ఫీజు కట్టింది. భర్త ఒంటి మీద వాతలతో తిరిగొచ్చాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనే వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనిదే ఇలాంటి కేంద్రం నడపకూడదు, మనిషిని గొలుసులతో కట్టకూడదు అని అందులో ఉంది. రిజిస్టర్ అయిన కేంద్రాల జాబితాను జిల్లాలవారీగా ప్రతి గ్రామ పంచాయతీ ఆఫీసులో అంటించండి.

ఇంటికొచ్చాకే అసలు పరీక్ష. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులు తాగాలన్న గుంజుడును తగ్గిస్తాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బీపీ, షుగర్ గోళీలు నెలనెలా పల్లె దవాఖానలో ఇస్తున్నట్టే డాక్టర్ చీటీ మీద ఇవీ ఇవ్వాలి. మళ్లీ తాగినవాణ్ని చూసి నర్సమ్మ చీదరించుకుంటే అతను ఇక రాడు. షుగర్ మళ్లీ పెరిగిన మనిషిని ఎలా చూస్తామో ఇతన్నీ అలాగే చూడాలి. పైసా ఖర్చు లేకుండా ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు జరుగుతుంటాయి, తాగుడు మానినవాళ్లే నడుపుతారు. మండల కేంద్రంలో ఆదివారం ఒక స్కూల్ గది ఇప్పిస్తే అలాంటివి మా దగ్గరికీ వస్తాయి.

మా మండల సమాఖ్య మీటింగ్ ప్రతి నెలా జరుగుతుంది. ఈసారి మీ జిల్లా మానసిక వైద్యుణ్ని ఒక పూట పంపండి. వణుకు మొదలైతే ఏం చేయాలి, ఏ మందు ఎవరు ఇవ్వాలి, ఎక్కడికి ఫోన్ చేయాలి అని మా వాళ్లు అడుగుతారు. జవాబులు రాసుకుని ఊరూరా మేమే చెప్తాం. డాక్టర్‌కు భోజనం, కుర్చీ, మైకు మా బాధ్యత.

ఇట్లు,
గ్రామైక్య సంఘం సభ్యురాలు,
కామారెడ్డి జిల్లా