తాగేవాళ్ళ పాదాలు కూడా చూడమనండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తాగుడు అనగానే అందరూ లివర్ గురించే మాట్లాడతారు. ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ చూసేది కాళ్ళు.

మొన్నామధ్య ఒక తాపీమేస్త్రి వచ్చారు. గుమ్మంలోనే ఎడమకాలి చెప్పు ఊడిపోతే ఆయనకి తెలియలేదు, అలాగే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. అరికాల్లో మేకు దిగిన పుండు. దాని నొప్పీ తెలియదు. రాత్రయితే మాత్రం పాదాలు భగభగ మండుతాయట, తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటారట. 20 ఏళ్ళుగా రోజూ తాగుడు. షుగర్ లేదన్నారు కాబట్టి నరాల బలహీనత అనుకుని ఎవరు చెబితే వాళ్ళ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయించుకున్నారు. పరంజా ఎక్కే మనిషికి కాలు ఎక్కడ పడుతోందో తెలియకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఏళ్ళ తరబడి తాగితే ఆల్కహాల్ నరాలను నేరుగా దెబ్బతీస్తుంది. దానికి తోడు తాగేవాళ్ళు సరిగా తినరు, తిన్నదాంట్లోని థయమిన్ (బీ1 విటమిన్) వంటికి సరిగా పట్టదు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవే కాబట్టి ముందు అవే చెడతాయి. పైగా మనది పాలిష్ బియ్యం. ఉన్న కాస్త బీ1 కడుగునీళ్ళలో, వార్చిన గంజిలో పోతుంది. మన కోస్తా వైపు ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు నరాలనూ గుండెనూ దెబ్బతీసే బెరిబెరి జబ్బు ఉండేది ఈ లోపం వల్లే.

ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బుల) సర్వేలో ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో రోజూ తాగుతారా అన్న ప్రశ్న ఉంది. అరికాళ్ళకి స్పర్శ తగ్గిందా అని కూడా ఉంది, అయితే అది కుష్ఠు కోసం. రెండింటికీ అవునన్న మనిషిని పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపించి, డాక్టరు చేత పాదాలు పరీక్ష చేయించే ఏర్పాటు చేయండి. కంపనం తెలుస్తోందో లేదో చూడడానికి ట్యూనింగ్ ఫోర్కు, స్పర్శ చూడడానికి నైలాన్ పోగు చాలు, పెద్ద మిషన్లేవీ అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. తిండి మానేసి తాగుతూ నీరసించినవాళ్ళకి థయమిన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. ప్రతి పీహెచ్‌సీలో థయమిన్ ఇంజెక్షన్లు నిల్వ ఉంచమని, గ్లూకోజు కన్నా ముందు అదే ఇవ్వమని రాతపూర్వకంగా ఆదేశించండి. ఖరీదైన మందేమీ కాదు.

మొదట్లోనే తెలిసి, తాగుడు మానేసి, తిండీ బీ1 సరిగా అందితే చాలామంది నెలల మీద తేరుకుంటారు. ముదిరాక మా వ్యాయామాలతో పడిపోకుండా నడిపించగలమేమో గానీ, పోయిన స్పర్శ పూర్తిగా తేలేం. డీ-అడిక్షన్ కేంద్రాల్లో కూడా చేరిన రోజే పాదాలు చూడమనండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, కాకినాడ జిల్లా