మా స్పిట్‌ఫైర్‌కి టాప్ కూర్చుంది: చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన శనివారం సాయంత్రం మా పసుపుపచ్చ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మీద ఇనుప హార్డ్‌టాప్ కూర్చుంది. స్పిట్‌ఫైర్ అంటే గట్టి పైకప్పు లేని, ఇద్దరు కూర్చునే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు; హార్డ్‌టాప్ అంటే దాని మీద బోల్టులతో బిగించే, కావాలంటే విప్పదీసే గట్టి కప్పు. ఏ బోల్టునీ బలవంతపెట్టలేదు, అన్నీ వేళ్ళతోనే తిరిగాయి. ఏడాదిన్నర పని అది. నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. ఎవరెవరు ఏం చేశారో పేరుపేరునా కాకపోయినా పనిపనినా చెప్పుకోవాలని రాస్తున్నాను.

ఈ కారే ఎందుకని చాలామంది అడిగారు. నెల్లూరులో మా నాన్నకి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ట్రయంఫ్ వారి హెరాల్డ్‌నే మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి ఆ పేరుతో తయారుచేసింది. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ఒక్కసారిగా లేచేది, చిన్నప్పుడు నేను ముందు టైరు మీదెక్కి కూర్చుని నాన్నకి స్పానర్లు అందించేదాన్ని. ఇంగ్లాండులోని కావెంట్రీ వచ్చాక తెలిసింది, స్పిట్‌ఫైర్ ఆ హెరాల్డ్ ఛాసీని పొట్టి చేసి కట్టిన కారని. రెండింటికీ రూపం దిద్దింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. మొదటిసారి దీని బానెట్ ఎత్తిన రోజు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మాది మార్క్ 4, అంటే స్పిట్‌ఫైర్ నాలుగో రూపం, 1973లో ఇక్కడే ట్రయంఫ్ వారి కాన్లీ ఫ్యాక్టరీలో తయారైంది. 1980 ఆగస్టులో అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. ఇప్పుడక్కడ ఆఫీసులున్నాయి, ఒక రోడ్డుకి మాత్రం హెరాల్డ్ ఎవెన్యూ అన్న పేరు మిగిలింది.

స్పిట్‌ఫైర్‌కి హార్డ్‌టాప్ 1963 చివరి నుంచే విడిగా అమ్మేవాళ్ళు. 1970లో మార్క్ 4 వచ్చినప్పుడు టాప్ రూపం కూడా మార్చారు: వెనక అద్దం చదునైంది, పక్కన చిన్న అద్దాలు వచ్చాయి. నాకు దొరికింది అలాంటిదే. ఒక పల్లెలో గడ్డి షెడ్డులో బోర్లించి ఉంది. దాన్ని నాకు ఇచ్చిన రైతుగారికి మొదటి దండం. ఎక్కువ ధర ఇస్తామన్నవాళ్ళు వచ్చినా, కారు మీద పెట్టుకుని తిరుగుతానన్నానని నాకే ఇచ్చారు.

తుప్పు ఎక్కడుందంటే, తలుపు అద్దాల పైన నీళ్ళు పారే సన్నని గాడిలో ఒకటి, వెనక అద్దం రబ్బరు కింద ఇంకొకటి. నీరు నిలిచేది ఆ రెండు చోట్లే. పాత రబ్బరు పీకితే పొరలు పొరలుగా తుప్పు ఊడి వచ్చింది. గాడి లోపల లప్పం పెట్టి మూస్తే రెండు చలికాలాలు కూడా నిలవదు. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు అతకాల్సిందే. అతుకులన్నీ మా వీధి చివర ఉండే వెల్డింగ్ మేస్త్రీ వేశారు. గ్యాస్ ఖర్చు మాత్రం తీసుకున్నారు, కూలి వద్దన్నారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రంగు వేయకముందు ఒకసారి పెట్టి చూద్దామని నేనూ మావారూ టాప్ ఎత్తి కారు మీద పెట్టాం. వెనక బోల్టు రంధ్రాలు కుదిరితే ముందు అంచు గాలి అద్దం ఫ్రేము దాటి చిటికెన వేలి మందం ముందుకొచ్చింది. ముందు కుదిరిస్తే వెనక కుదరలేదు. ఆకురాయితో రంధ్రాలు సాగదీసి బిగించెయ్యమని సలహా వచ్చింది. నేను ఆకురాయి తెచ్చుకున్నాను కూడా.

అప్పుడొచ్చారు పెద్దాయన. ఎనభై దాటిన మనిషి, కాన్లీలో బాడీ లైనులో పనిచేశారు. టాప్ వంక చూడనేలేదు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి పెన్సిలంత చెక్కముక్క తీసి తలుపు సందులో పైనుంచి కిందకి నడిపించారు. కింద వదులుగా జారింది, పైన ఇరుక్కుపోయింది. "టాప్‌లో తప్పేం లేదు, కారు నడుం కుంగింది" అన్నారు.

స్పిట్‌ఫైర్‌కి విడిగా ఛాసీ ఉన్నా, తలుపుల కింద ఉండే సిల్ పెట్టెలే బాడీకి నడుం. అవి కోసేటప్పుడు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బద్దె వెల్డ్ చేసి పెట్టుకోవాలి, లేకపోతే నడుం కిందకి దిగి గాలి అద్దం, వెనక డెక్కు (సీట్ల వెనక ఉండే రేకు) ఒకదానికొకటి దగ్గరవుతాయి. నేను కొనడానికి ముందు ఎవరో ఆ బద్దె పెట్టకుండానే ఎడమవైపు సిల్ మార్చారు. మెత్తటి గుడ్డ టాప్ ఆ తప్పుని దాచింది. ఇనుప టాప్ దాచదు, అది సాగదు. నేను రంధ్రాలు సాగదీసి ఉంటే టాపూ పాడయ్యేది, తప్పూ అలాగే ఉండేది.

తర్వాత మూడు నెలలు ఆయన ప్రతి ఆదివారం వచ్చారు. బద్దెలు వేసి, ఎడమ సిల్ విప్పి, ఛాసీకీ బాడీకీ మధ్య బిళ్ళలు ఒక్కొక్కటే చేరుస్తూ, ఆ చెక్కముక్క పైనా కిందా ఒకేలా జారేదాకా సర్దారు. తర్వాతే మేస్త్రీ వెల్డింగ్ పట్టారు. ఆ రోజు టాప్ ఊరికే ఆనించి చూస్తే రంధ్రాలన్నీ ఎదురెదురుగా ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రం టీ అడిగారు.

టాప్ లోపలి గుడ్డ సంగతి చెప్పాలి. రెండుసార్లు అంటించాను, రెండుసార్లూ నడిమధ్య జారి పొట్టలా వేలాడింది. నెల్లూరు ట్రంకురోడ్డులో మా నాన్న కారుకి సీట్లు కుట్టిన కుషన్ షాపు భాయ్‌కి వీడియో కాల్ చేశాను. "బంక తడిగా ఉండంగానే అంటించబాక పాపా. రెండు పక్కలా పూసి, వేలు పెడితే అంటుకోనంత వరకూ ఆగు. నడిమధ్య నుంచి అంచులకి పో. ఇనుప రేకు ఎండకి కాలిపోద్ది, వేడికి తట్టుకునే బంక కొను" అన్నారు. మూడోసారి ఒక్క ముడత లేదు. భాయ్, మీ చేతి విద్య కావెంట్రీ దాకా వచ్చింది.

వెనక అద్దం ఎక్కించడానికి లెస్టర్ నుంచి మా తెలుగు మిత్రులు నలుగురు వచ్చారు. రబ్బరు గాడిలో చుట్టూ నైలాన్ తాడు దూర్చి, కొసలు కింద మధ్యలో దాటేలా ఉంచి, సబ్బునీళ్ళు పూశాం. ఇద్దరు బయటి నుంచి అద్దాన్ని అరచేతులతో నొక్కుతుంటే నేను లోపల తాడు మెల్లగా లాగాను. తాడు వచ్చినంత మేరా రబ్బరు పెదవి రేకు మీదికి దాటుతూ వచ్చింది. నలభై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

చివరి బిగింపు పెద్దాయన చెప్పినట్టే చేశాం: బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, టాప్ చుట్టూ సందు చూసుకుని, ఆ తర్వాతే ముందూ వెనకా మార్చి మార్చి బిగించడం. రబ్బరు బీడింగుకి సుద్ద రాసి తలుపు వేసి తీస్తే, సుద్ద అద్దానికి అంటని చోటు కనిపించింది, అక్కడ తలుపు అద్దం కొంచెం లోపలికి సర్దాం. తర్వాత పైపుతో పావుగంట నీళ్ళు కొట్టారు మావారు. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చుక్క రాలేదు.

నాన్న లేరు, ఉంటే ఆ పావుగంట పక్క సీట్లో కూర్చునేవారు.

పెద్దాయనకి తెలుగు రాదు. ఆదివారం టీకి పిలిచాను, మా అబ్బాయి ఇది వాక్యం వాక్యంగా ఇంగ్లీషులో చదివి వినిపిస్తాడు. చెక్కముక్క నాకే ఉంచుకోమన్నారు. కారు డాష్‌బోర్డు అరలో ఉంది.