పిన్ని కాలి వేలు

విజయనగరం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. టెక్కలి కబుర్లకి తర్వాత తీరిగ్గా రాస్తాను. పిన్ని కాలి వేలికి ఆపరేషన్ గురించి అడిగావుగా, ముందు ఆ సంగతి.

మా అమ్మకీ అదే వేలు, బొటనవేలి పక్కది. మధ్య కణుపు పైకి లేచి, కొస కిందికి వంగిపోయింది. చెప్పు రాసుకుని పైన ఆనెకాయ కట్టింది. ఎముకల డాక్టరు ముందు ఆ వేలిని చేత్తో సాగదీసి చూశారు. అలా తిన్నగా వస్తే వెడల్పు చెప్పులు, ప్యాడ్లతో చూస్తారట. అప్పటికీ తగ్గకపోతే వేలిని కిందికి లాగే స్నాయువుని (కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడులాంటిది) తెచ్చి వేలి పైభాగానికి కుడతారు. కణుపు బిగిసిపోతే మాత్రం అక్కడ ఎముక కాస్త కోసి, కణుపుని కలిపేసి, వేలు తిన్నగా నిలబెట్టి, కొస నుంచి సన్నని తీగ గుచ్చుతారు. అమ్మది ఈ రకం.

ఆపరేషన్ కన్నా మెట్టె దగ్గరే మాకు ఎక్కువ టెన్షన్. నాన్న ఉండగా మెట్టె తీయడమేంటని మామ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తీసింది పక్క వేలికి పెడతామంటే గాని ఊరుకోలేదు. వాపు నెలల తరబడి ఉంటుంది కాబట్టి అదిప్పటికీ పక్క వేలికే ఉంది.

చీలమండ దగ్గర మత్తిచ్చి చేశారు. తీగ నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు. వేలి కొసన బయటికి కనిపిస్తుంటే చూసేవాళ్లకే భయం, తీసేటప్పుడు మత్తు కూడా అక్కర్లేకపోయింది. అన్నాళ్లూ దాన్ని తడవనివ్వకూడదు, మడమ మీదే బరువు వేసి నడవాలి. పైడితల్లి సిరిమానుకి రావాలని పిన్నికి ఉంటే, దసరా తర్వాత మంగళవారం ఆ ఉత్సవం అయ్యాకే ఆపరేషన్ పెట్టించు. ఆ రోజు జనంలో ఎవడో ఒకడు తొక్కుతాడు.

ఇంకోటి, పిన్ని బొటనవేలు కూడా ఈ రెండో వేలి వైపు ఒరిగిందా? ఒరిగితే డాక్టరుకి తప్పక చూపించు. దాన్ని వదిలేసి రెండోదాన్నే సరిచేస్తే మళ్లీ తోసేస్తుంది. కలిపిన కణుపు ఇక వంగదని కూడా ముందే చెప్పు, తర్వాత నిన్ను తిడుతుంది. నొప్పేమీ లేదు, చూడ్డానికి బాగోలేదనే ఆపరేషన్ అయితే నేను వద్దనే అంటాను.

పిన్నికి షుగరు ఉంది కదా, అది అదుపులోకి రావాలి, పాదానికి రక్తం సరిగ్గా అందుతోందో చూడాలి. లేకపోతే గాయం మానదు. ఈలోగా ఆనెకాయని బ్లేడుతో గీకనివ్వకు. ఎక్స్‌రే తీయిస్తే ఫోటో పంపు, మా డాక్టరుకి చూపిస్తాను.

నీ
రమణ