లైటు పడినంత మేరకే వేగం

సంపాదకులకు నమస్కారం.

నూర్పులు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి రోడ్డు సగం కళ్లమైపోతుంది. ఒక పక్కంతా ధాన్యం, దాని మీద బరకం, బరకం ఎగిరిపోకుండా అంచున వరసగా రాళ్లు. పగలు కనిపిస్తాయి. సాయంత్రం ధాన్యం బస్తాలకెత్తాక చాలాచోట్ల రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. సంక్రాంతికి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రాళ్లూ, ఎచ్చెర్ల కాలేజీలకు రోజూ బండి మీద వెళ్లొచ్చే పిల్లలూ చీకటి పడ్డాక ఆ దారుల్లోనే తిరుగుతారు. వాళ్లకూ, వాళ్ల చేతికి తాళం ఇచ్చే పెద్దవాళ్లకూ ఒక లెక్క చెప్పాలని ఈ ఉత్తరం.

60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డంగా గేదె ఉందని కంటికి ఆని, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది. అలసిపోయి ఉంటే సెకనున్నర. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. పడ్డాక, పొడి రోడ్డయి టైర్లు బాగుంటే, బండి ఆగడానికి ఇంకో 20, 25 మీటర్లు. మొత్తం 40 దగ్గరకొచ్చింది, కొంచెం తేడా వస్తే దాటిపోయింది. మామూలు బండి డిమ్ లైటులో నల్ల గేదె తెలిసేది 30, 40 మీటర్ల లోపే. అంటే 60లో పోతున్నవాడు గేదెను చూసేసరికే ఆగే వీలు చాలావరకు చేజారిపోయింది. అదే 40లో అయితే 22 మీటర్ల చిల్లరలో ఆగుతాడు. 80లో 60 మీటర్లు దాటిపోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక బండి పోయే దూరం నాలుగింతలవుతుంది. ఈ సంగతి పదో తరగతి దాటిన ప్రతివాడూ ఫిజిక్సులో చదివినదే, బండెక్కాక మాత్రం గుర్తుండదు. ఎదుటి లారీ లైట్లు కళ్లలో కొడితే ఆ 30 మీటర్లు కూడా కనిపించవు. అప్పుడు వేగం తగ్గించి, చూపు ఎడమ అంచు గీత మీదికి తిప్పుకోవాలి.

ఇక బ్రేకు. ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని చాలామంది కుర్రాళ్లకు భయం. కాలి బ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది, బిగుసుకుని పక్కకు జారుతుంది. బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని గబుక్కున లాగకూడదు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి, హ్యాండిల్ నిటారుగా ఉండాలి. సీబీఎస్ (రెండు చక్రాల బ్రేకులనూ కలిపే ఏర్పాటు) ఉన్న బండిలో కాలి బ్రేకు ముందు చక్రానికీ కొంత పడుతుంది, అంతమాత్రాన చేతి బ్రేకు వదిలేయకూడదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందన్న ధీమాతో వెళ్లేవాళ్లు అది ఒక్క ముందు చక్రానికేనా, రెండింటికీనా అని ముందు కనుక్కోవాలి. చాలా బళ్లలో ముందుదానికే ఉంటుంది.

ఎల్‌ఎల్‌ఆర్‌కీ (బండి నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లైసెన్సు) అసలు లైసెన్సుకీ మధ్య చట్టం కనీసం 30 రోజుల వ్యవధి పెట్టింది. ఆ రోజుల్లో ఖాళీ మైదానంలో, హెల్మెట్ పెట్టుకుని, 20 వేగంలో పదిసార్లు గట్టిగా ఆపి చూడాలి. చెయ్యి కుదిరాక 30, ఆ తర్వాత 40. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తారు. చీకట్లో ఆపమని ఎవరూ అడగరు, కాబట్టి ఇది సొంతంగా నేర్చుకోవలసిందే.

ధాన్యం మీదికి చక్రం ఎక్కితే గింజలు టైరు కింద బేరింగు గోళీల్లా దొర్లుతాయి. అక్కడ బ్రేకు వేయకూడదు, బండి వంచకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి తిన్నగా పోనివ్వాలి. వేగం తగ్గించడమంతా గింజలు రాకముందే జరగాలి. ముగ్గురెక్కిన బండిలో ఇది కుదరదు. వెనక బరువుకు ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. ఇద్దరెక్కితే వెనక టైరులో గాలి ఎక్కువ కావాలి. ఎంతన్నది బండి మీద అతికించిన చీటీలోనో, పుస్తకంలోనో ఉంటుంది.

హెల్మెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసి కొనాలి. పట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ పడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది.

పద్దెనిమిది నిండని పిల్లాడికి బండి ఇచ్చే తండ్రులు 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ఒకసారి చదవాలి. పిల్లాడు నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

రైతును తిట్టి లాభం లేదు. చాలా ఊళ్లలో ఆరబెట్టుకోవడానికి సిమెంటు కళ్లాలు చాలవు, అవి కట్టించాలని పంచాయతీలను గట్టిగా అడగాలి. అంతవరకూ రైతులకు మా మనవి ఒక్కటే: రాళ్ల బదులు ఇసుక నింపిన గోనె సంచులు పెట్టండి, సాయంత్రం ధాన్యంతోపాటు వాటినీ ఎత్తేయండి.

ఇట్లు,
డ్రైవింగ్ నేర్పే కొందరం,
శ్రీకాకుళం